నాలుగడుగుల మూడంగుళాలు

నతానియేలు ఆర్కిటెక్టు. అతను గీసిన బొమ్మలు కూలిపోకుండా ఇనుమూ సిమెంటూ లెక్కలు కట్టే ఇంజనీరుని నేను. విజయవాడలో ఒకే మేడ మీద చెరో గది అద్దెకు తీసుకుని ముప్పై ఏళ్ళు పక్కపక్కనే పనిచేశాం. నా పేరు రామకోటేశ్వరరావు. అంత పొడుగు దండగని అతను ‘కోటేశ్’ దగ్గర ఆపేస్తాడు. పేరు పిలవడంలో తప్ప ఇంకెక్కడా అతను పొదుపు చేయగా నేను చూడలేదు.

ఈ ఊళ్ళో ఇల్లు కట్టుకునేవాడు ఆర్కిటెక్టు దగ్గరికి రెండే కోరికలతో వస్తాడు. వాస్తు కుదరాలి, ఇంటి ముందువైపు ఎలివేషన్ అదిరిపోవాలి. ఆ ఎలివేషన్ కూడా ఫోనులో తనే తెచ్చుకుంటాడు. నతానియేలు ఆ ఫోను అందుకుని, అన్ని బొమ్మలూ ఓపిగ్గా చూసి, మర్యాదగా వెనక్కిచ్చి, “మీ స్థలంలో వాన నీళ్ళు ఎటు పోతాయండీ?” అని అడిగేవాడు. వచ్చినవాడు బిక్కమొహం వేసేవాడు. సగం మంది కాఫీ తాగి లేచిపోయేవారు. “వచ్చిన బేరాన్ని వాన నీళ్ళల్లో కలిపావు గదయ్యా” అని నేను విసుక్కునేవాణ్ణి. మిగిలిన సగం మంది ఇళ్ళు మాత్రం కళ్ళు తిరిగేంత బాగా కట్టేవాడు, ఆ మాట కాదనలేను.

ఈ జబ్బు అతనికి కాలేజీలో అంటుకుంది. వెంకటకృష్ణారావు గారని ఒక మాస్టారు ఉండేవారట. మొదటి ఏడాదంతా పిల్లల చేత సొంతంగా ఒక్క గీత గీయనిచ్చేవారు కాదు. చేతికి టేపులిచ్చి పాత కట్టడాల మీదికి తోలేవారు. మంగళగిరి గాలిగోపురం కింద రాతి పీఠాన్ని ఒక్కదాన్నే వీళ్ళ చేత పదకొండు రోజులు కొలిపించారు. ఏ వరస రాయి ఎంత ముందుకొచ్చింది, ఏది గుండ్రం తిరిగింది, పదిగంటల ఎండలో దాని నీడ ఎంత వరకు పడుతుంది, ఇవన్నీ ముందు పెన్సిలుతో, తర్వాత సిరాతో గీయాలి. గ్రీకుల స్తంభాలూ అలాగే నేర్పారట. ఏ దేశపు గుడైనా ముందు పీఠం, తర్వాతే గోడ, ఆ తర్వాతే కప్పు అని ఆయన పాఠం.

ఆయన మాట ఇంకోటి నతానియేలు నాకు వందసార్లు అప్పజెప్పాడు. “పాతవాళ్ళ కొలతకి కారణం ఉంటుంది. నీకు తెలియకపోతే అది నీ తెలివితక్కువ, కొలత తప్పు కాదు.” తాత తవ్వించిన నుయ్యి గదా అని ఉప్పునీళ్ళు తాగుతామా అని నేను ఎదురు చెప్పేవాణ్ణి. నవ్వేవాడు గానీ మెత్తబడేవాడు కాదు.

అతని ఇళ్ళు పాతవాటికి నకళ్ళని అనుకోకండి. అద్దం వాడాడు, ఉత్త కాంక్రీటు వాడాడు. ఒక్క స్తంభం మీదా లత చెక్కలేదు, ఒక్క గుమ్మానికీ సింహం మొహం పెట్టలేదు. కానీ ప్రతి ఇంటికీ కింద ఒక పీఠం ఉంటుంది. కిటికీ వెడల్పుకి రెట్టింపు ఎత్తు ఉంటుంది. కప్పు గోడని దాటి బయటికి వచ్చి, మే నెల ఎండలో కూడా గోడకి నీడ పడుతుంది. పటమటలో రెండు పడగ్గదుల చిన్న ఇల్లు ఒకటి కట్టాడు. పక్క ఇళ్ళు లారీలోంచి దించి పెట్టిన సామానులా ఉంటే, అది మాత్రం అక్కడే మొలిచినట్టు ఉంటుంది. ఎందుకని అడిగితే చెప్పలేను. నేను లెక్కలవాణ్ణి.

మూడో ఏడాదిలో అతను ఒంటరిగా కొలిచిన కట్టడం ఒకటుంది. పామర్రు దగ్గర, కాలవ గట్టు పక్కన, వాళ్ళమ్మ పుట్టిన ఊళ్ళో సున్నపు గోడల చర్చి. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో అమ్మమ్మ పక్కన చాప మీద కూర్చుని పాటలు పాడిన చోటు. దాని అరుగు ఎత్తు నాలుగడుగుల మూడంగుళాలు. ఎన్ని వానలొచ్చినా, కాలవ ఎన్నిసార్లు తెగినా ఆ చర్చి గుళ్ళోకి నీళ్ళు రాలేదని ఊరివాళ్ళు చెప్పారట. అదిగో కారణం అనుకున్నాడు నతానియేలు. డెల్టాలో ఇల్లు కట్టేవాడికి పాతవాళ్ళు వదిలిపెట్టిన కొలత అదేనని తీర్మానించుకున్నాడు. మాస్టారు ఆ డ్రాయింగుకి నూటికి తొంభై ఎనిమిది వేశారు. అప్పటినుంచీ పల్లపు స్థలం ఎవరు తెచ్చినా పీఠం నాలుగడుగుల మూడంగుళాలే.

అమలమ్మ గారు అలా వచ్చిన మనిషే. నర్సుగా చేసి రిటైరయ్యారు. భర్త సంజీవరావు గారు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ఫోర్‌మన్‌గా చేసి, రిటైరైన రెండో ఏడే పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. కుడివైపు పూర్తిగా పోయింది. మాట కూడా ఆమెకి ఒక్కదానికే అర్థమయ్యేది. పిల్లల్లేరు. సింగ్ నగర్ లోపల వీధుల్లో వాళ్ళకి నూట ఇరవై గజాల స్థలం ఉంది, రోడ్డుకంటే పల్లం.

“మాకు పెద్దిల్లొద్దు సార్. ఈయన మంచం పక్కన కిటికీ ఉండాలి, వీల్‌చెయిర్ బాత్‌రూములోకి పోవాలి. అంతే” అన్నారామె. తర్వాత, “బుడమేరు వాగు పక్కనే గదా. నీళ్ళొస్తాయంటారా?” అని అడిగారు.

ఆ ఒక్క ప్రశ్న కోసమే ఆమె మేస్త్రీ దగ్గరికి పోకుండా ఆర్కిటెక్టు దగ్గరికి వచ్చారని నాకు అప్పుడే అనిపించింది.

వాళ్ళ దగ్గరున్నదానితో రెండిట్లో ఒకటే కుదురుతుంది. కింద మామూలుగా కట్టి మేడ మీద ఒక గది వేయాలి, లేదా కిందనే ఎత్తయిన పీఠం మీద ఇల్లు కట్టి, వీల్‌చెయిర్ ఎక్కడానికి పొడుగాటి వాలు చేయాలి. “పైన గది వెయ్యవయ్యా, నీళ్ళొస్తే పైకెళ్తారు” అన్నాను నేను. “ఆయన్ని పైకి ఎవరు మోస్తారు కోటేశ్? ఆమె ఒక్కతేనా? మేడ అనేది నడిచేవాళ్ళకి. ఈ ఇంటికి పీఠమే మేడ” అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. నేను ఒక్కసారి అన్నాను, రెండోసారి అనలేదు. నా మంచితనం అంతవరకే.

2019లో ఇల్లు పూర్తయింది. గృహప్రవేశానికి ఫాదరు గారు వచ్చి గదిగదికీ మంత్రజలం చల్లారు. సంజీవరావు గారిని కుర్చీలో ఆ వాలు మీదుగా పైకి తోసుకొచ్చి కిటికీ పక్కన పెడితే, ఆయన ఎడంచేత్తో నతానియేలు చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. వీధిలోవాళ్ళు మాత్రం “ఇదేం ఇల్లండీ, రైల్వే ప్లాట్‌ఫారంలాగా” అని నవ్వుకున్నారు.

2024 సెప్టెంబరు ఒకటో తేదీ, ఆదివారం. రెండు రోజులుగా ఆగని వాన. పొద్దున ఎనిమిదిన్నరకి నతానియేలు చర్చిలో ఉండగా ఫోను మోగింది. బయటికొచ్చి ఎత్తాడు. ఆ సంభాషణ నాకు అతను తర్వాత ఎన్నిసార్లు చెప్పాడంటే, నేనే విన్నట్టుంది.

“సార్, వీధిలో నీళ్ళు నడుము లోతున్నాయి” అన్నారు అమలమ్మ గారు. “ఎదురింటి కుర్రాళ్ళు నలుగురు వచ్చారు. ఈయన్ని వాళ్ళ మేడ మీదికి మోసుకుపోతామంటున్నారు. దుప్పట్లో వేసి తీసుకుపోతారంట. పంపమంటారా?”

“మన గడప దగ్గరికి ఎంత వచ్చాయమ్మా?”

“ఇంకా జానెడు పైనే ఉంది.”

“అయితే భయపడకండి. మన ఇంట్లోకి రావు. ఆ వానలో ఆయన్ని కదిలిస్తే ఎక్కడన్నా జారితే ప్రమాదం. కిటికీ వేసుకుని ఇంట్లోనే ఉండండి.”

“సరే సార్. మీరు చెప్పారుగా” అని పెట్టేశారు.

పదకొండున్నరకి నీళ్ళు గడప దాటాయి. మళ్ళీ ఆమె ఫోను చేసేసరికి ఎదురింటి కుర్రాళ్ళు వీధి దాటలేని లోతు అయింది. ఆ ఫోను మధ్యలోనే తెగిపోయింది. నతానియేలు నాకు ఫోను చేసి, “కోటేశ్, కారు తియ్యి” అన్నాడు.

సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గరికి వెళ్ళాం. అంతకుమించి వెళ్ళడానికి లేదు. ఫ్లైఓవర్ దిగే చోట రోడ్డు నీళ్ళల్లోకి పోయింది. తడిసిన మనుషులు, సంచులు, చంకలో పిల్లలు, తలమీద గ్యాస్ సిలిండర్లు. పడవ ఒక్కటి వస్తే వందమంది చుట్టుముట్టి తలా ఒక అడ్రసు అరుస్తున్నారు. నతానియేలు కూడా అరిచాడు. ముప్పై ఏళ్ళల్లో అతను గొంతెత్తగా నేను వినలేదు. పడవవాళ్ళని ఏమనడానికీ లేదు. పోయినవాళ్ళు పోయిన వీధిలో కనబడ్డవాళ్ళని ఎక్కించుకుని వస్తున్నారు. లోపలి వీధుల్లోకి వెళ్ళేసరికే పడవలు నిండిపోతున్నాయి.

మధ్యాహ్నం నుంచీ ఫ్లైఓవర్ పిట్టగోడ పట్టుకుని నిలబడి లెక్క కడుతూనే ఉన్నాడు. లోపలినుంచి వచ్చిన ప్రతివాణ్ణీ, “ఫలానా వీధిలో నీళ్ళు ఎంత ఉన్నాయండీ?” అని అడిగేవాడు. తలమునకలని ఒకడు, ఏడడుగులని ఒకడు చెప్పారు. “ఏడులో నాలుగుంబావు పోతే రెండడుగుల తొమ్మిదంగుళాలు. మంచం ఎత్తు పరుపుతో కలిపి రెండు. పడుకుంటే మునుగుతాడు కోటేశ్. కూర్చుంటే మునగడు. కూర్చోబెట్టి ఉంటుంది. నర్సు గదా, కూర్చోబెట్టి ఉంటుంది” అనేవాడు. పది నిమిషాలాగి మళ్ళీ అదే లెక్క మొదలు. నాకు లెక్కలు వినడం అలవాటే గానీ ఆ లెక్క వినలేకపోయాను. నోరు ముయ్యమని కసిరాను. అతను మూసుకుని, పెదవులు కదిలించుకుంటూ కట్టుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నానికి గానీ వాళ్ళిద్దరూ పడవలో రాలేదు. కూర్చోబెట్టే ఉంచింది. మంచం మీద తను గోడకి ఆనుకుని, ఆయన వీపు తన గుండెకి ఆనించుకుని, చంకల కిందుగా చేతులు వేసి పట్టుకుని కూర్చుందట, ఇరవై నాలుగు గంటల పైన. నీళ్ళు నడుము దాకా. పడవలోంచి దించుతుంటే ఆమె చేతులు విడదీయడానికి ఇద్దరు పట్టారు. ఆయనకి అప్పటికే ఆయాసం. ఊపిరితిత్తులకి నెమ్ము చేసిందన్నారు. శనివారం తెల్లవారాక ఆస్పత్రిలో పోయారు.

సమాధి చేసే రోజున ఆమె ఏడవలేదు. నతానియేలు దగ్గరికి వచ్చి, “మా వీధిలో అందరిళ్ళూ నిలువునా మునిగినయ్ సార్. మా ఇంట్లోనే నడుము దాకా వచ్చినయ్. మీరు ఆ ఎత్తు పెట్టబట్టి ఆయన్ని ఆ మాత్రం పట్టుకుని కూర్చోగలిగా” అన్నారు. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని నేను ఆమె మొహంలోకి చూశాను. లేదు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండేదని నతానియేలు కారులో అన్నాడు.

తర్వాతి వారం నన్ను తీసుకుని పామర్రు వైపు బయల్దేరాడు. టేపు కూడా వేసుకున్నాడు. తన కొలత తప్పేమోనన్న ఆశ. మనిషికి ఎలాంటి ఆశలు పుడతాయో చూడండి. కొలిచాడు. నాలుగడుగుల మూడంగుళాలే.

చర్చి ఊడ్చి గంట కొట్టే ఇశ్రాయేలు తాతకి ఎనభై దాటాయి. చూపు మందగించింది, మాట మాత్రం గట్టిదే. నతానియేలు అరుగు అంచున కూర్చుని, “తాతా, దీన్ని ఇంత ఎత్తున ఎందుకు కట్టారు? వరదల కోసమేగా?” అని అడిగాడు.

“వరదేంది బాబూ. ఇది మొదట గుడి గాదుగా, వడ్ల కొట్టు. మా తాత ఇక్కడే మూటలు మోశాడు. బండి ఎనక్కి తెచ్చి ఆనిస్తే, బండి పలకా ఈ గడపా సమానంగా ఉండాల. మూట పైకెత్తే పని లేకుండా లోపలికి దొర్లించటానికి. బండి ఎత్తు అది.”

“మరి నీళ్ళు ఎప్పుడూ రాలేదన్నారు గదా.”

“ఊరే దిబ్బ మీదుంటే నీళ్ళెట్టా వస్తయ్? ఆ చుట్టు ఇళ్ళల్లోకీ రాలా. వాటికి అరుగులే లేవు.”

నతానియేలు అరుగు ముందున్న మెట్ల వైపు చెయ్యి చూపించాడు.

“ఆ మెట్లా? గుడి చేసిన్నాడు కట్టారు. అంతకుముందు మనుషులు ఎక్కే పనేముంది బాబూ, మూటలేగా.”

ఆ మెట్ల సంగతి అతనికి తెలుసు. మూడో ఏడాది డ్రాయింగులో మెట్లు గీయలేదు. పక్కన సన్నటి అక్షరాలతో ‘మెట్లు తర్వాత చేర్చినవి’ అని రాసి వదిలేశాడు. కట్టడం అసలు రూపం చూడాలంటే తర్వాత అతికించినవన్నీ తీసేసి గీయమనేవారట మాస్టారు. శ్రద్ధగల విద్యార్థి గనక తీసేశాడు. మెట్లే లేకపోతే నాలుగడుగుల అరుగు మీదికి జనం ఎలా ఎక్కేవారని ఇరవై ఏళ్ళ కుర్రాడికి తోచలేదు. యాభై ఏడేళ్ళు వచ్చేదాకా కూడా తోచలేదు. లెక్కలవాణ్ణి, నాకూ తోచలేదు. కొలతకి కారణం ఉండనే ఉంది. మాస్టారి మాట తప్పు కాలేదు.

తిరిగొచ్చేటప్పుడు దారంతా వరి చేలు. ఉయ్యూరు దాటాక, “ఎన్ని ఇళ్ళకి పెట్టానో లెక్కపెట్టాను, పద్నాలుగు” అన్నాడు. నాకు ఓదార్చడం రాదు. అద్దం దించి బయటికి చూస్తూ కూర్చున్నాను.

అక్కడితో అయిపోతే ఎలాగో సర్దుకునేవాడేమో. దసరా వెళ్ళేసరికి ఆఫీసు ముందు చెప్పులు పెరిగాయి. సింగ్ నగర్ నుంచీ, ఆ చుట్టుపక్కలనుంచీ జనం. “అమలమ్మ గారింటికి పెట్టారే, ఆ ఎత్తు పెట్టండి సార్.” ముప్పై ఏళ్ళు ఎలివేషన్లు అడిగిన ఊరు మొదటిసారి పీఠం అడిగింది. అది బండి ఎత్తు మాత్రమేనండీ, వరదకీ దానికీ సంబంధం లేదండీ అని నతానియేలు ఒక్కొక్కరికీ చెప్పాడు. పెద్దమనిషి, అణకువకొద్దీ అంటున్నాడనుకున్నారు. ఒకాయన నా గదిలోకి వచ్చి, “సార్‌కి చెప్పండి, మాకు ఆ కొలతే కావాలి” అని సిఫారసు కూడా అడిగాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అక్టోబరు ఆఖరున అమలమ్మ గారు వచ్చారు. తెల్లచీర, చేతిలో గుడ్డసంచి. కుర్చీ వేస్తే అంచున కూర్చున్నారు. నేనూ అక్కడే ఉన్నాను.

“రెండో తారీఖు సమాధుల పండగ సార్” అన్నారు. “ఆయనది ఇంకా మట్టి దిబ్బగానే ఉంది. పండగకి అందరూ సున్నాలు వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు ముట్టిస్తారు. ఆయనది అట్టా వదిలేయలేను. మొన్న సమాధుల తోటలో కూడా నీళ్ళు నిలబడ్డాయంట. కాస్త ఎత్తుగా కట్టించాలి. మీరు ఒక కాయితం మీద గీసిస్తే మేస్త్రీకి ఇస్తా. మా ఇంటికి పెట్టిన ఎత్తే పెట్టండి.”

నతానియేలు పెన్సిలు తీశాడు. కింద పెట్టేశాడు. ఇక దాచడం అతని వల్ల కాలేదు. మొత్తం చెప్పాడు. వడ్ల కొట్టు, బండి, మూటలు, దిబ్బ మీద ఊరు. మెట్ల సంగతి కూడా వదల్లేదు. “ఆ కొలత నేను ఊహించుకున్నదమ్మా. ఆ రోజు ఫోనులో నీళ్ళు రావని చెప్పింది కూడా దాన్ని నమ్మే చెప్పాను. ఆయన్ని పంపమని ఒక్కమాట అనుంటే ఉండేవారు” అన్నాడు.

ఆమె సంచి పట్టీ వేళ్ళకి చుట్టుకుంటూ విన్నారు. ఇప్పుడు తిడుతుంది, తిట్టనీ, వీడికీ కాస్త బరువు దిగుతుంది అనుకున్నాను.

“ఆ కుర్రాళ్ళు గుమ్మంలోనే నిలబడున్నారు సార్” అన్నారు చివరికి. “నేనే వెనక్కి పంపించా.”

ఆమె కళ్ళు తుడుచుకుని, కుర్చీ ముందుకు జరుపుకుని, బల్లమీదున్న తెల్లకాయితాన్ని అతని వైపు తోశారు.

“అయితే ఎంత ఎత్తు పెట్టమంటారు సార్? మీరే చెప్పండి. నాకు ఇంకెవరు చెప్తారు?”

నతానియేలు ఆ కాయితం వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను.